గాజు బీరువా కింది మూల

ఆ గుప్పెట్లో ఏముంది, మేస్త్రీ గారూ?

సుత్తి ఉన్న చెయ్యి కాదు. ఎడమ చెయ్యి. ఇప్పుడే ఆ మూల పగలగొట్టి, వంగి ఏదో తీశారు. దుమ్ము ఊదారు. నా వైపు ఓసారి చూశారు, చూసి గుప్పెట మూశారు. నేను వంటింట్లో కాఫీ పెడుతున్నానని ధైర్యం. పెడుతూనే ఉన్నాను. కానీ ఈ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడితే ఆ మూల అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది.

రాయా? రాయికి అంత మర్యాదెందుకండీ? పొద్దుట్నుంచి పదకొండు గోతాల రాళ్లు కిందకి మోశారు. ఒక్కదాన్ని కూడా ఊది చూసుకోలేదు.

పోనీ, తెరవద్దు. కూర్చోండి. కుర్చీలు పక్క గదిలో పడేశాం కదా, ఆ బస్తా మీదే కూర్చోండి. కాఫీ తీసుకోండి. చక్కెర వెయ్యలేదు.

వద్దని మీరు చెప్పలేదు, నిజమే. మొదటిరోజు వేసిచ్చాను, సగం వదిలేశారు. రెండోరోజు వెయ్యకుండా ఇచ్చాను, అడుగుదాకా తాగారు. నేనన్నీ చూస్తాను. చూసి లెక్కపెడతాను. మా నాన్న అంటించిన జబ్బు.

రేపు నేలని వెచ్చబరిచే కొత్త కరెంటు తీగ పరుస్తామన్నారు. ఎల్లుండి సిమెంటు. సిమెంటు పడ్డాక ఇంకేం కనపడుతుంది? కింద ఏం దాచారో, ఏం తీసుకుపోయారో తెలుసుకునే దారి నాకుండదు. నవంబరు ఒకటి నుంచి ఈ గదిలో పదహారు మంది పిల్లలు లెక్కలు నేర్చుకోడానికి కూర్చుంటారు. కుర్చీల మీద కాదు, నేల మీద. అందుకని ముందే చెబుతున్నాను. మీరెవరో, నా ఇంటికి ఎందుకొచ్చారో తేలేదాకా ఒక్క చెంబు సిమెంటు కూడా ఇక్కడ పొయ్యనివ్వను.

మన ఊరి అలవాటున అవునన్నట్టు అలా తల అడ్డంగా ఊపితే చాలదు. అవును అని నోటితో అనండి.

సరే, అనకండి. నేనే చెబుతాను, మీరు వినండి. తప్పయితే ఆపండి.

మీకంటే ముందు ముగ్గురు మేస్త్రీలు వచ్చి ఈ నేల చూసి వెళ్లారు. ముగ్గురూ గుమ్మంలో కాలు పెడుతూనే ఒకటే ప్రశ్న. “ఇదెవరు చేశారమ్మా నీకు?” అంతే కదా, ప్లోవ్‌దివ్ ఊళ్లో ఏ మేస్త్రీ అయినా ముందు అదే అడుగుతాడు. పలకరింపులు ఆ తర్వాత. కుళాయి బిగించేవాడు ముందటి కుళాయివాణ్ణి తిడతాడు, రంగులవాడు ముందటి రంగులవాణ్ణి తిడతాడు. నోరారా తిట్టుకున్నాకే పనిలోకి దిగుతారు.

అసెనోవ్‌గ్రాద్ నుంచి వచ్చినాయన జేబులోంచి గోలీ తీసి కిటికీ దగ్గర పెట్టాడు. అది దొర్లుకుంటూ తలుపుదాకా పోయింది. “చేసినవాడి చేతులు పడిపోను” అన్నాడు. రెండోవాడు బూట్లైనా విప్పలేదు. “ఇది మేస్త్రీ పనా, మేకలు కాసుకునేవాడి పనా?” అన్నాడు. మూడోవాడు మోకాళ్ల మీద కూర్చుని, టైలుకి చెవి ఆనించి, డాక్టరులా కళ్లు మూసుకుని, “గాడిద” అన్నాడు. ఒక్కటే మాట.

మీరు ఏమీ అడగలేదు.

బూట్లు విప్పారు. మీ సంచిలోంచి మీ చెప్పులే తీసి తొడుక్కున్నారు. గుమ్మంలో నిలబడి, ఆస్పత్రి మంచం మీద మనవాళ్లని చూసినట్టు నేలని చూశారు. ఇదెవరు చేశారని అడగని మేస్త్రీ ఉంటాడా? ఎవరు చేశారో తెలిసినవాడైతే తప్ప.

ఆగండి, అయిపోలేదు.

వాళ్లు ముగ్గురూ గదంతా తట్టుకుంటూ తిరిగారు. మీరు మాత్రం తిన్నగా గాజు బీరువా దగ్గరికెళ్లి, “దీన్ని కాస్త జరపనా అమ్మాయ్” అని, జరిపి, ఆ మూల వేలితో రెండుసార్లు తట్టారు. పందొమ్మిదేళ్లుగా ఆ బీరువా అక్కడే ఉంది. దాని కింద టైలు పగల్లేదు. రంగు మారలేదు. పైకి ఏ గుర్తూ లేదు. మరి మీ వేలికి ఎవరు చెప్పారు?

తర్వాత కరెంటు. మెట్ల దగ్గర పెట్టెలో ఎనిమిది మీటలున్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. ఏది ఈ గదిదో నాకే ప్రతిసారీ వెతుక్కోవాలి. మీరు వెళ్లి మూడోది కిందకి లాగి వచ్చారు. ఒక్కసారే. ఎనిమిదింటిలో ఒకటి తగలడం అదృష్టమే అనుకుందామా? బీరువా మూల కూడా అదృష్టమేనా? రెండు అదృష్టాలు ఒకే పూట, ఒకే మనిషికి. నేను లెక్కలు చెప్పుకుని బతికేదాన్నండీ, నాకు ఆ మాట అమ్మలేరు.

ఇంకా ఉంది.

కింద తలుపుకి మా నాన్న సంవత్సరీకం కాగితం అంటించాను కదా, ఫొటో పెట్టి. అది అక్టోబరు పదిన. పన్నెండున దాని పక్కనే మీ కాగితం. “నేల కింద వేడి, టైల్స్, చెక్క నేలలు. మేస్త్రీ నైడెన్.” అడుగున ఫోను నంబరు రాసి, చింపుకోడానికి వీలుగా కత్తిరించిన ఎనిమిది తోకలు. మా బ్లాకుకి ఏడు ప్రవేశాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తలుపు, ఒక్కో మెట్లదారి. నేను ఏడూ తిరిగాను. ఎదుటి రెండు బ్లాకులు కూడా తిరిగాను. బస్‌స్టాపు స్తంభం చూశాను. మీ కాగితం ఎక్కడా లేదు. ఒక్క మా తలుపుకే.

పని కావలసినవాడు ఒక్క కాగితం అంటిస్తాడా, ఎవరైనా?

మొదటిరోజు మీరు వస్తున్నప్పుడు నేను కిటికీలోంచి చూస్తున్నాను. తలుపు దగ్గర ఆగారు. నాన్న ఫొటో ముందు నిలబడ్డారు. టోపీ తీశారు. తియ్యడం మామూలే, అందరూ తీస్తారు. కానీ మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయారు. నాలుగు అంతస్తులు టోపీ చేత్తో పట్టుకునే ఎక్కి వచ్చారు.

అందుకే నేను ప్రతిదాంట్లోనూ మిమ్మల్ని అనుమానించాను. నేల విషయంలో కూడా. కొట్టులో ఆ కుర్రాడేమో ఓక్ చెక్క వేసుకోమన్నాడు, కాలికి మెత్తగా ఉంటుందట, పిల్లలకి మంచిదట. ఇంటికొచ్చి లెక్క కట్టాను. పద్నాలుగు మిల్లీమీటర్ల చెక్కంటే తీగ మీద దుప్పటి కప్పినట్టే. కింద తీగ మండుతూంటుంది, పైన పిల్లలు వణుకుతూంటారు. నేను లెక్క తేల్చేలోపే మీరన్నారు, “ఈ గదికి టైల్సే అమ్మాయ్” అని. ఇద్దరి మాటా ఒకటే అయ్యేసరికి ఇంకా అనుమానం వచ్చింది. ఈయనకి టైల్స్ కొట్టువాడితో ఏదో లాలూచీ ఉందనుకున్నాను.

మూడు కొట్లకి వెళ్లాను. పెళ్లికాని అక్క కోసం ఇల్లు బాగుచేయిస్తున్నానని చెప్పాను. నాకు అక్క లేదు. “మేస్త్రీ నైడెన్ ఎలాంటివాడు?” అని అడిగాను. మూడు చోట్లా “ఎవరాయన?” అన్నారు. మీకు అరవై దాటాయి. చేతులు చూస్తే పద్దెనిమిదో ఏట నుంచి సిమెంటులో ఉన్నట్టున్నాయి. టైల్స్ వేసే మనిషి పేరు టైల్స్ కొట్లో తెలియకపోవడం ఏమిటండీ?

అప్పుడు ఆ మూడో మేస్త్రీకే ఫోను చేశాను. గాడిదన్నాయనే. ఆయనకి మీరు తెలుసు. మీరిద్దరూ ఒకే చోట కాఫీ తాగుతారట. నాలుగో అంతస్తులో పాత వేడి నేల పగలగొట్టించే అమ్మాయి ఉందని మీతో చెప్పింది ఆయనేనట. “ఏ బ్లాకు, ఏ ప్రవేశం అని రెండుసార్లు అడిగాడమ్మా” అన్నాడు. పందొమ్మిదేళ్లుగా మీరు ఊళ్లో పని చెయ్యలేదని కూడా చెప్పాడు. పల్లెల్లో పందుల కొట్టాలకి నేలలు పోశారట. ఎండుగడ్డి గిడ్డంగులకి. “ఎందుకలా?” అని అడిగితే, “పాపం, ఏదో పేరు పడింది” అన్నాడు. ఇంక చెప్పలేదు.

కాఫీ చల్లారిపోతోంది.

అన్నిటికంటే అనుమానం వచ్చింది ఆ ఫొటోలకి. నాలుగు రోజులుగా పాత నేల పగలగొడుతున్నారు. పగలగొట్టినచోటల్లా పాత తీగ బయటపడితే, లేదంటే తీగ పడుకున్న గాడి బయటపడితే, పక్కన టేపు పెట్టి ఫోనుతో ఫొటో తీస్తున్నారు. చచ్చిన తీగ అది. చెత్తబుట్టలోకి పోయేది. దానికి పెళ్లికూతురికి తీసినట్టు అన్ని ఫొటోలేమిటి?

నిన్న మీరు ఇంటికి పోయాక నేను కూడా కొలిచాను. కిటికీ గోడ నుంచి మొదలుపెట్టి. పది సెంటీమీటర్లు. పది. పది. పది. ఏడు వరసలు, అన్నీ పదే.

మొన్న కొత్త తీగ గురించి చెబుతూ మీరే అన్నారు. కిటికీ పక్క గోడ చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ తీగ దగ్గరదగ్గరగా వెయ్యాలి, ఏడేడు సెంటీమీటర్లకి, లోపలికి వచ్చాక పదికి అని. ఆ మాట చెబుతున్నప్పుడు మీరు నేలని చూడలేదు. నన్ను చూశారు.

ఇంక చాలు, మేస్త్రీ గారూ. మీరూ ఆడారు, నేనూ ఆడాను.

మీరెవరో నాకు మొదటిరోజే తెలుసు. అంతకుముందే తెలుసు. కాగితం మీద పేరు చూసినప్పుడే తెలుసు. నైడెన్ అనే పేరు ఈ ఊళ్లో ఒక్కరికే ఉందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడు రోజులు ఆ కాగితం దాటుకుంటూ వెళ్లాను. మూడోరోజు ఒక తోక చింపుకున్నాను. మీరెవరన్నది కాదు నా అనుమానం. నేనెవరో మీకు తెలుసా అన్నది.

ఎందుకు పిలిచానా? మీరు ఇంకొకలా అడగాలి. ఆ ముగ్గురినీ ఎందుకు వద్దన్నానని.

వాళ్లలో ఎవరితోనైనా ఈ పని అయిపోయేది. ఆ మూల పగిలేది, అందులో ఉన్నది గోతంలో పడేది, గోతం లారీలో పడేది. నేను హాయిగా ఉండేదాన్ని. కానీ వాళ్లు ఒక్కొక్కరూ “ఎవరు చేశారు” అని అడగడం, నేను “నైడెన్ అని ఎవడో” అనడం, వాళ్లు తిట్టడం. మొదటాయన తిడితే అవునన్నాను. రెండోవాడు తిడితే అవునన్నాను. మూడోవాడు నేను పేరు చెప్పకముందే గాడిద అన్నాడు, ఆయనకి అవునని అనలేకపోయాను.

పైగా వాళ్లు తిట్టింది మిమ్మల్ని కాదు, తెలుసా? ఆ గోలీ దొర్లింది తీగ వల్ల కాదు, సిమెంటు వల్ల. సిమెంటు పోసింది మా నాన్న.

మీకు గుర్తుండదా మరి. మా నాన్న మెతోదికి లోకం మొత్తం మీద అనుమానం. రొట్టె కొనుక్కొచ్చి ఇంట్లో మళ్లీ తూచేవాడు. బస్సు టిక్కెట్టు మీద అంకెలు సరిచూసుకునేవాడు. మేస్త్రీలంతా సిమెంటులో ఇసుక ఎక్కువ కలుపుతారని ఆయన గట్టి నమ్మకం. అందుకే మీరు తీగ పరిచి వెళ్లిన మర్నాడు, ఎనిమిదింటికి మీరు వచ్చేలోపే, బాబాయిని పిలుచుకుని ఆరింటికే మొదలుపెట్టి గదంతా తనే పోసేశాడు. మీరొచ్చేసరికి తడి సిమెంటు. “ఆఖరిసారి తీగ చూసుకోనిస్తే బాగుండేదండీ” అన్నారు మీరు. “నిన్న చూసుకున్నావుగా” అన్నాడు నాన్న.

నేను అప్పుడు తలుపు వెనకాల ఉన్నాను. రెండు జడలు వేసుకుని.

అక్టోబరే అప్పుడూ. వాసన వస్తోంది చూడండి, ఎదుటి బ్లాకులో ఎవరో చలికాలం నిల్వకి మిరపకాయలు కాలుస్తున్నారు. ఆ రోజూ అంతే. మీరు మధ్యాహ్నానికి తీగ పరచడం ముగించారు. ఇనప వల మీద పాములా అటూ ఇటూ తిప్పి, ప్లాస్టిక్ దారాలతో కట్టారు. వెళ్తూ నాతో అన్నారు, “పాపా, ఇది నిద్రపోతున్న పాము, ముట్టుకోకు” అని.

నేను ముట్టుకోలేదు. కొలిచాను.

బళ్లో ఇచ్చిన చెక్క స్కేలు, ముప్పై సెంటీమీటర్లది. ఎవరి పనైనా కొలిచి చూసుకోవాలని నాన్న అప్పటికి వెయ్యిసార్లు చెప్పాడు. గది లోపల పది, పది, పది. బాగుంది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఏడు. ఏడు. ఏడు. పది వరసలు, అన్నీ ఏడే.

అబ్బో, ఎంత సంతోషమేసిందో తెలుసా. దొంగని పట్టుకున్నాననుకున్నాను. తొమ్మిదేళ్లు నాకు. మేస్త్రీ కొలత తప్పాడు, నేను కనిపెట్టాను. పరుగెత్తుకుంటూ బాల్కనీలోకి వెళ్లాను. అమ్మా నాన్నా పొగలో మిరపకాయలు కాలుస్తున్నారు. “నాన్నా, మేస్త్రీ తప్పు చేశాడు” అన్నాను. “వాళ్లంతా చేస్తారు, తర్వాత చూద్దాంలే” అన్నాడు.

తర్వాత అంటే ఎప్పుడు? రేపు సిమెంటు పోసేస్తారు కదా. అందుకని నేనే సరిచేశాను.

కత్తెరతో మీ ప్లాస్టిక్ దారాలు తెంపాను. తీగని జరిపాను. పది సెంటీమీటర్లకి ఒకటి, స్కేలు పెట్టి, గీత గీసినట్టు. పది వరసలు ఉండాల్సిన చోట ఏడే పట్టాయి. మూడు వరసల తీగ మిగిలిపోయింది. వరస మూడున్నర మీటర్లు, మూడు వరసలు పదిన్నర మీటర్లు. దాన్నేం చెయ్యను? కోసెయ్యకూడదని నాకు తెలుసు, అంత బుద్ధి ఉంది. గాజు బీరువా వచ్చే మూల ఎవరికీ కనపడదు కదా అని, అక్కడ చుట్టలా చుట్టి వల కిందకి తోసేశాను. ఒకదాని మీద ఒకటి.

తీగ తీగకి తగలకూడదని నాకెవరూ చెప్పలేదు. తగిలితే వేడి బయటికి పోక తనని తనే కాల్చుకుంటుందని తర్వాత ఎప్పుడో, పదిహేనో ఏట, ఒక పుస్తకంలో చదివాను. ఆ పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇవ్వలేదు.

కట్టడానికి నా దగ్గర దారాల్లేవు. జడలకున్న రబ్బరు బ్యాండ్లలో ఒకటి తీసి చుట్టకి బిగించాను.

గుప్పెట తెరవక్కర్లేదు, మేస్త్రీ గారూ. అందులో ఏముందో నేను చెబుతాను. ఆ బ్యాండుకున్న ఎర్రటి ప్లాస్టిక్ పురుగు బొమ్మ. రెక్కకి రెండేసి నల్లచుక్కలు. రబ్బరు కాలిపోయి ఉంటుంది, బొమ్మ ఒక పక్క కరిగి ఉంటుంది. అది జత. రెండోది నా బల్ల సొరుగులో ఉంది. పందొమ్మిదేళ్లలో మూడు సొరుగులు మారాయి, అది మాత్రం ఉంది.

చూశారా. చెప్పాను కదా.

ఇలా ఇవ్వండి. లేదు, వద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. నేను ముట్టుకుంటే మళ్లీ ఏదో ఒకటి చేస్తాను.

జనవరిలో, నదిలో శిలువ తీసే పండగ అయిన మర్నాడు, నేల చల్లబడింది. అంతకుముందు మూడు నెలలు నేను ఉత్త కాళ్లతో తిరిగి, బళ్లో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. నాన్న మిమ్మల్ని పిలిపించాడు. మీరు ఏదో యంత్రం పెట్టి చూసి, “ఎవరో తీగ కదిపారండీ, ఆ బీరువా మూల పగలగొట్టి చూద్దాం” అన్నారు. నాన్న నవ్వాడు. “నా ఇంట్లో ఎవరు కదుపుతారయ్యా? ఈ పిల్లా?” అన్నాడు.

అని నా వైపు తిరిగాడు. “జోరీ, నువ్వు ముట్టుకున్నావా?”

లేదన్నాను.

“విన్నావా?” అన్నాడు మీతో. అంతే. ఇంకోసారి అడగలేదు. రొట్టెని రెండుసార్లు తూచిన మనిషి నన్ను ఒక్కసారే అడిగాడు.

మీరు నన్ను చూశారు. అప్పుడు కూడా ఏమీ అనలేదు. నా రెండు జడలకీ రెండు రంగుల బ్యాండ్లున్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. మీరు తీగ పరిచిన రోజు రెండూ ఎర్రవే. మీరు వాటినే చూశారని నాకు అప్పట్నుంచీ అనుమానం. నిజమేనా?

...అవునా. అప్పుడే అనుకున్నారా.

మరి ఎందుకు చెప్పలేదు? మీరు చెప్పి ఉంటే. ఏమయ్యేది, నాన్న నాలుగు తిట్టేవాడు, నేను ఏడ్చేదాన్ని, వారంలో అయిపోయేది. చిన్నపిల్ల మీద ఎలా చెబుతానంటారా? చిన్నపిల్ల మీద చెప్పకూడదు కాబట్టి పందుల కొట్టాలకి నేలలు పోసుకున్నారా?

నా మీద కోపం వస్తోంది నాకు. మీ మీద అరుస్తున్నాను చూడండి, సిగ్గులేకుండా.

తర్వాత అన్నిటికంటే కింది అంతస్తులో ఉండే గినా పిన్ని, మా మెట్లదారి ఇళ్లన్నిటికీ పెద్దనన్న హోదాలో, కింద తలుపు మీద కాగితం పెట్టింది. పెద్ద పెద్ద అక్షరాలు. “నైడెన్ అనే మేస్త్రీని ఎవరూ పిలవకండి. నేలలు కాలుస్తాడు.” నాలుగు మూలలా నాలుగు గుండుపిన్నులు. అది నాలుగు నెలలు ఉంది. నేను రోజూ దాన్ని దాటుకుంటూ బడికి వెళ్లేదాన్ని. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఏప్రిల్‌లో వానకి తడిసి అక్షరాలు కారిపోయాయి. అప్పటికి మిమ్మల్ని ఈ ట్రాకియా పేట అంతటా “నేల కాల్చిన నైడెన్” అంటున్నారు. పేరు కాగితం మీద ఉన్నన్నాళ్లు చింపెయ్యచ్చు. నోళ్లలోకి వెళ్లాక ఎవరు చింపుతారు?

అందుకే మీరు వచ్చారు, కదూ? ఈ మూల చూసుకోడానికి. ఆ జనవరి తర్వాత మా నాన్న బతికున్నన్నాళ్లు ఈ మెట్లెక్కలేదు. ఫొటోలు తీసింది నా మీద కేసు పెట్టడానికనుకున్నాను. ఎవరికి చూపిస్తారు?

మీ ఆవిడకా.

ఒక్క ఆవిడకేనా? ఇన్నేళ్లూ ఆవిడ నమ్మలేదా? ...నమ్మింది, కానీ. సరే. అర్థమైంది. చెప్పక్కర్లేదు.

చూడండి, నేను మీకేం ఇచ్చినా అది సరిపోదు, ఆ లెక్క నాకు రాదు. మీరే చెప్పండి. ఏం చెయ్యమంటారు?

గినా పిన్నికా?

మేస్త్రీ గారూ, ఆవిడకి ఎనభై ఒకటి. ఇప్పటికీ కిటికీ దగ్గర కూర్చుని ఎవరి సంచిలో ఏముందో చెబుతుంది. ఆవిడకి చెబితే సాయంత్రానికి బ్లాకంతా తెలుస్తుంది. పదహారు మంది పిల్లల తల్లులకి తెలుస్తుంది. లెక్కల టీచరు జోర్నిత్స లెక్క తప్పి నేల కాల్చిందని, కాల్చి ఒక మనిషి మీదకి తోసిందని.

ఓహో. అందుకే ఆవిడకి చెప్పమంటున్నారు.

పోనీ, కాగితం రాసి పెడితే? తలుపు మీద? మీ మీద కాగితమే కదా పెట్టింది... అవును, కాగితం వానకి తడుస్తుంది. నోటితోనే చెప్పాలి. నోటితో పోయింది నోటితోనే రావాలంటారు. న్యాయమే.

సరే. ఆ కాలిన చుట్ట ఆ పేపర్లో పెట్టండి. బొమ్మ కూడా పెట్టండి. ఆవిడ చేత్తో పట్టుకుని చూస్తే కానీ నమ్మదు.

మీరు ఇక్కడే ఉండండి, కాఫీ ఇంకొంచెం ఉంది. కొలతలు మొదలుపెట్టుకోండి. కిటికీ పక్కన ఏడు. నేను వచ్చి కొలవను.

లిఫ్టు పని చెయ్యట్లేదు, మెట్లే దిక్కు. మాట పూర్తయ్యేదాకా ఆవిడ లోపల కూర్చోనివ్వదు, తలుపు దగ్గరే నిలబెట్టి వింటుంది. ఆ పక్కనే, వీధి తలుపు మీద, నాన్న ఫొటో కూడా ఉంది. వినేస్తాడు.

విననివ్వండి. లోకంలో అందర్నీ అనుమానించి, ఆయన ఒక్క నన్నే వదిలేశాడు. ఆ రోజు ఇంకోసారి అడిగుంటే చెప్పేసేదాన్ని.